అమ్మానాన్నలకి లండన్‌లో ఏ నాటకం చూపించాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి

పిల్లల దగ్గరికి లండన్ వచ్చిన అమ్మానాన్నలకి అందరం దాదాపు ఒకటే చూపిస్తాం. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు, నీస్‌డెన్ స్వామినారాయణ మందిరం, ఓ శనివారం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్. నాటకానికి మాత్రం తీసుకెళ్ళం. ఎవర్ని అడిగినా "వాళ్ళకి ఇంగ్లీషు అర్థం కాదు, టికెట్లు ఖరీదు, మూడు గంటలు కూర్చోలేరు" అంటారు. మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) విషయంలో మొదటి మాట అసలు నిజం కాదు. రెండోది సగం నిజం. మూడోదంటారా, అది మనం ఏ సీటు కొన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

మేముండేది పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లోలో, సొంతూరు తెనాలి. నాన్న ఇంగ్లీషు పేపరు చదువుతారు కానీ ఇక్కడివాళ్ళు గబగబా మాట్లాడితే ఆయనకి అందదు. అమ్మకి ఇంగ్లీషు రాదు, పైగా మోకాళ్ళ నొప్పులు. ఇద్దరికీ నాటకం అంటే ప్రాణం. సురభివాళ్ళు ఊళ్ళో మకాం వేస్తే వదలకుండా చూసినవాళ్ళు. నాన్నయితే కాటిసీను పద్యాలు ఇప్పటికీ రాగం తీసి పాడతారు. అలాంటి మనుషులు ఇంత దూరం వచ్చి, ప్రపంచంలోకెల్లా పేరున్న నాటకాల పేట పక్కనుంచి బస్సులో వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. అందుకే ఆ పేటలో, అంటే వెస్ట్ ఎండ్‌లో, నాటకాలు కొన్ని చూపించాను. వాళ్ళు చూసిన తీరు, నేను పెట్టిన ఖర్చు, రెండూ మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఒక్కటే చూపించగలను, డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి అంటే మాత్రం ఆలోచించకుండా 'లే మిజరబ్ల్' చూపించండి. షాఫ్ట్స్‌బరీ ఎవెన్యూలో సోండ్‌హైమ్ థియేటర్. హౌన్‌స్లో నుంచి ట్యూబ్ (భూగర్భ రైలు) పికడిల్లీ లైన్‌లో ఎక్కితే రైలు మారకుండా పికడిల్లీ సర్కస్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి నాలుగడుగులు. 1985లో లండన్‌లో మొదలైన నాటకం ఇది. థియేటర్లు మారింది, రంగాలంకరణ మారింది, ఆట మాత్రం సాగుతూనే ఉంది.

ఇదే ఎందుకంటే, కథ మనవాళ్ళకి ముందే తెలుసు. విక్టర్ హ్యూగో నవల ఇది. 1950లో నాగయ్యగారితో 'బీదలపాట్లు'గా వచ్చింది. 1972లో అక్కినేనితో అదే పేరున మళ్ళీ తీశారు. రైలెక్కగానే నాన్నకి ఈ ముక్క చెప్పాను. "రొట్టె దొంగతనం చేసి జైలుకెళతాడు, అదేనా?" అన్నారు. ఇంక నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. ఆ ముప్పావుగంట ప్రయాణంలో ఆయనే అమ్మకి కథంతా చెప్పేశారు. నాకు గుర్తులేని ఘట్టాలు కూడా కలిపి.

ఇంకో సంగతి, ఇందులో మాటలు దాదాపు లేవు. మొదటి నుంచి చివరి దాకా పాటే. మాట కలిపినా, పోట్లాడినా, ప్రాణం పోతున్నా పాటలోనే. ఇక్కడి సినిమాలకి అలవాటుపడిన నా ఇంగ్లీషు స్నేహితురాలికి ఇది మొదట్లో ఇబ్బందిగా ఉందట. పద్యనాటకం చూసి పెరిగినవాళ్ళకి ఇది సొంత ఇల్లే. రాజు కోపంలో ఉన్నా పద్యమే, కొడుకు శవం ముందున్నా పద్యమే కదా మనకి. రాగం చెబుతున్నదాన్ని పట్టుకోవడం వాళ్ళకి చిన్నప్పటి నుంచీ వచ్చు.

రెండో అంకంలో 'బ్రింగ్ హిమ్ హోమ్' అని ఒక పాట ఉంది. వీధిలో కుర్చీలు, బల్లలు, బండిచక్రాలు అడ్డంగా పేర్చి కుర్రాళ్ళు సైన్యాన్ని ఎదిరిస్తుంటారు. రాత్రి అందరూ పడుకున్నాక కథానాయకుడు జ్యా వాల్‌జ్యా ఒక్కడే మెలకువగా కూర్చుని, తన పెంపుడు కూతురు ప్రేమించిన కుర్రాణ్ణి బతికించమని దేవుణ్ణి వేడుకుంటాడు. బలమైన మనిషి, నాటకం మొత్తం గుండెలోంచి గట్టిగా పాడినవాడు, ఇక్కడ గొంతు పూర్తిగా పైకి తీసుకెళ్ళి, సన్నగా, ఊపిరంత మెత్తగా పాడతాడు. చివరి స్వరం పట్టుకుని అలా ఆగుతాడు. థియేటర్లో వెయ్యిమంది ఉన్నారు, ఒక్కరూ దగ్గలేదు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నారు. చప్పట్లు ఆగాక చెవిలో "అమ్మాయ్, వన్స్ మోర్ అనరా వీళ్ళు?" అని అడిగారు. అనరు నాన్నా, అన్నాను. "మనవైపైతే ఈ పాట ఇంకో రెండుసార్లు పాడించేవాళ్ళం" అన్నారు. వాళ్ళిద్దరికీ ఎంత అర్థమైందో నేను మళ్ళీ అడగలేదు.

విమర్శ కూడా చెప్పాలి. ఈ నాటకానికి ఒకప్పుడు పేరు తెచ్చిన తిరిగే రంగస్థలం ఇప్పుడు లేదు. కొత్త ఏర్పాటులో హ్యూగో వేసిన బొమ్మల ఆధారంగా వెనక తెర మీద దృశ్యాలు ప్రొజెక్టరుతో వేస్తారు. వాల్‌జ్యా ఆ కుర్రాణ్ణి భుజాన వేసుకుని మురుగు సొరంగాల్లో నడిచే ఘట్టంలో ఆ వెలుగునీడలు బాగా పనిచేశాయి. మరికొన్ని చోట్ల సినిమా చూస్తున్నట్టు ఉంది. చెక్క, గుడ్డ, తాళ్ళతో చేసిన మాయ ముందు ప్రొజెక్టరు నాకు ఎప్పుడూ కాస్త తక్కువే అనిపిస్తుంది. ఇంటర్వెల్‌తో కలిపి మూడు గంటలకి కొంచెం తక్కువ. ముందే చెప్పి తీసుకెళ్ళండి.

'ది లయన్ కింగ్' అమ్మ ఎంపిక. నాతో చూసినవాటిలో ఆమె ఇంటికొచ్చాక ఫోన్‌లో పిన్నికి పూర్తిగా వర్ణించి చెప్పింది దీన్నే. 1999 నుంచి లైసియం థియేటర్లో ఆడుతోంది, కోవెంట్ గార్డెన్ దగ్గర. భాష ఒక్క ముక్క రాకపోయినా నష్టం లేదు.

మొదటి పాటలో జంతువులు వేదిక మీదకి రావు, మన మధ్యలోంచి వస్తాయి. కింది హాల్లో సీట్ల మధ్య నడవా వెంట ఏనుగు నడిచి వస్తుంది, నలుగురు మనుషులు లోపలుండి నడిపిస్తుంటారు. కర్రల చివర పక్షులు తల మీదుగా గిరగిరా తిరుగుతాయి. పక్క బాల్కనీ గదుల్లో డప్పులవాళ్ళుంటారు. ఆ దెబ్బ నేరుగా కడుపులో తగులుతుంది. అందుకే ఈ ఒక్క నాటకానికి మాత్రం డబ్బు ఎక్కువైనా కింది హాల్లో, నడవా పక్క సీటు కొనండి. పై అంతస్తులో కూర్చుంటే వేదిక బాగానే కనిపిస్తుంది కానీ ఆ ఊరేగింపు సగం మీ కాళ్ళ కింద జరిగిపోతుంది.

దీని దర్శకురాలు జూలీ టేమర్ ఇండోనేషియాలో ఉండి అక్కడి ముఖోటాలు (మాస్కులు), తోలుబొమ్మల పని దగ్గరగా చూసినావిడ. ఆ చదువు అడుగడుగునా తెలుస్తుంది. బొమ్మని ఆడించే మనిషిని దాచదు. సింహాల రాజు ముఫాసా తల మీద సింహం ముఖం ఉంటుంది, కింద నటుడి ముఖమూ కనిపిస్తూనే ఉంటుంది. అతను కోపంతో ముందుకి వంగితే ఆ ముఖోటా కిందికి జారి అతని ముఖానికి అడ్డం వస్తుంది, నిలబడితే మళ్ళీ పైకి వెళుతుంది. కరువు చూపించడానికి నేల మీద పరిచిన నీలం పట్టుగుడ్డని మధ్యలో కన్నంలోంచి మెల్లగా కిందికి లాగేస్తారు. మడుగు మన కళ్ళముందే ఎండిపోతుంది. రాజు చచ్చిపోయాక ఆడ సింహాలు కళ్ళలోంచి తెల్లటి గుడ్డపేలికలు పొడుగ్గా లాగుతాయి. అవే కన్నీళ్ళు. ఇంతే సామాను. అమ్మ ఆ పేలికలు చూసి కొంగు కళ్ళకద్దుకుంది. చిన్న ఎలుక ఒకటి తెల్ల తెర వెనక నీడగా పరిగెడితే "తోలుబొమ్మే!" అని పైకే అంది. ముందు వరసలో చిన్నపిల్ల వెనక్కి తిరిగి నవ్వింది.

అడవిదున్నల మంద లోయలో దూసుకొచ్చే ఘట్టం గురించి ఒక మాట. వెనక రోలర్ల మీద చిన్నచిన్న దున్నలు, ముందుకొచ్చేకొద్దీ పెద్దవి, అన్నిటికన్నా ముందు ముఖోటాలు పట్టుకున్న మనుషులు. దూరంలో ఉన్న మంద మీదకి వచ్చేస్తున్నట్టే ఉంటుంది. ఆ కొలతల లెక్క ఎంత పకడ్బందీగా వేశారో చూడండి. పిల్లలున్నవాళ్ళకి: మరీ చంటిపిల్లల్ని రానివ్వరు, బుక్ చేసేముందు వయసు నిబంధన చదువుకోండి.

'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' దగ్గర మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. హేమార్కెట్‌లో హిజ్ మెజెస్టీస్ థియేటర్, 1986 అక్టోబరు నుంచి అక్కడే ఆడుతోంది, కోవిడ్ కాలం ఒక్కటి మినహాయిస్తే. రాణి ఉన్నంతకాలం హర్ మెజెస్టీస్, ఇప్పుడు రాజు కాబట్టి పేరు మార్చారు. పాత సామాన్ల వేలంతో మొదలవుతుంది. గుడ్డ కప్పిన దీపాల గుత్తి ఒకటి నేల మీద పడి ఉంటుంది. ఆర్గన్ ఒక్కసారి మోగగానే గుడ్డ ఎగిరిపోయి, ఆ షాండ్లియర్ వెలుగుతూ ప్రేక్షకుల నెత్తి మీదకి లేచి వెళుతుంది. మొదటి అంకం చివర అదే కిందికొస్తుంది. నాన్నకి ఈ యంత్రాంగం పిచ్చిగా నచ్చింది. సురభివాళ్ళు నారదుణ్ణి మేఘాల్లోంచి దింపడం, పైన తాళ్ళు పట్టే కుర్రాళ్ళు, అన్నీ గుర్తు చేసుకున్నారు. అమ్మకి మాత్రం ముసుగు వేసుకున్న ఆ ఫాంటమ్ కథ పట్టలేదు. "ఆ ముసుగువాడి మీద జాలిపడాలా, భయపడాలా?" అంది. నా అభిప్రాయం అమ్మ వైపే. సంగీతం చెవుల్లో రోజుల తరబడి తిరుగుతుంది, కొవ్వొత్తుల మధ్య పడవ వచ్చే దృశ్యం కన్నుల పండుగ, కానీ మనుషులు మనసుకి అంటుకోరు.

ఇంకో బాధ కూడా ఉంది. 2021లో మళ్ళీ తెరిచినప్పుడు 27 మంది ఉండే వాద్యబృందాన్ని 14కి తగ్గించారు. వినడానికి ఇప్పటికీ నిండుగానే ఉంది, అయినా ఆ కుర్చీల్లో కూర్చునే మనుషులు పోవడం మంచి మార్పని నేను అనలేను. ఇంటర్వెల్‌లో వేదిక ముందుకి వెళ్ళి వాద్యబృందం కూర్చునే గుంటలోకి తొంగి చూడండి, ఏమీ అనరు. తర్వాత వెనక్కి తిరిగి బాల్కనీ అంచు చూడండి. చిన్న టీవీ తెర ఒకటి ఉంటుంది. అందులో సంగీత దర్శకుడి చెయ్యి కనిపిస్తూ ఉంటుంది. నటులు ప్రేక్షకుల వైపు చూస్తున్నట్టే ఉండి తాళం అక్కణ్ణుంచి అందుకుంటారు. హార్మోనియం ఆయన వేదిక పక్కనే కూర్చుని నటుడి కళ్ళలోకి చూసే మన పద్ధతి నాన్నకి తెలుసు. ఈ టీవీ దగ్గర్నుంచి ఆయన్ని కదిలించడం కష్టమైంది.

మిగతావి క్లుప్తంగా. 'హామిల్టన్' గొప్ప నాటకం, నాకు ప్రాణం, కానీ అమ్మానాన్నలతో వద్దు. ర్యాప్‌లో అమెరికా చరిత్ర, ఒక మాట అందకపోతే కథ జారిపోతుంది. మీరూ మీ ఫ్రెండ్సూ వెళ్ళండి. 'మౌస్‌ట్రాప్' 1952 నుంచి ఆడుతున్న హత్యానాటకం, అంతా సంభాషణే, భాష రాకపోతే నరకం. 'వికెడ్' విక్టోరియా స్టేషన్ ఎదుట అపోలో విక్టోరియాలో, పచ్చటి వెలుగులు, ఎగిరే మంత్రగత్తె, టీనేజి పిల్లలకి పండగ. రెహమాన్ సంగీతంతో 'బాంబే డ్రీమ్స్' 2002లో మొదలైంది ఈ హాల్లోనే. ఆ మాట చెబితే నాన్న హాలంతా ఇంకోసారి తలెత్తి చూశారు.

ఇప్పుడు సీటు సంగతి. ఇది నాటకం ఎంపిక కంటే ముఖ్యం.

ఈ థియేటర్లలో చాలావరకు వందేళ్ళ పైబడిన కట్టడాలు. లిఫ్టులు లేనివే ఎక్కువ. మనం హాలు అనగానే కింద నేల, పైన బాల్కనీ అనుకుంటాం. ఇక్కడ చాలాచోట్ల స్టాల్స్ అనే కింది భాగం వీధి మట్టానికి కూడా కిందుంటుంది, మెట్లు దిగి వెళ్ళాలి. డ్రెస్ సర్కిల్ అనే మొదటి అంతస్తే ఒక్కోసారి వీధికి దగ్గర. అన్నిటికన్నా చవక సీట్లుండే అప్పర్ సర్కిల్, బాల్కనీలకి మాత్రం ఇరుకు మెట్లు ఎక్కుతూనే ఉండాలి, పైకెళ్ళాక వాలు నిటారుగా, ముందు వరసవాళ్ళ తల మన మోకాళ్ళ దగ్గర. ఒక థియేటర్లో (పేరు రాయను) అమ్మని అంత పైకి ఎక్కించాల్సి వచ్చింది. వెబ్‌సైట్లో మెట్ల సంగతి ఎక్కడా లేదు. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది. ఎక్కాక చూస్తే వేదికకి ఎడమ మూల కనిపించకుండా స్తంభం. నాటకం ఎంత బాగున్నా, దిగేటప్పుడు ఎలారా భగవంతుడా అన్న టెన్షన్‌తోనే కూర్చుంది పాపం. అంత వయసు మనిషిని అలా కూర్చోబెట్టి డబ్బు తీసుకోవడం తప్పు. కనీసం ఎన్ని మెట్లో టికెట్టు పేజీలోనే రాయాలి.

అందుకని మీరు ఆన్‌లైన్‌లో నొక్కేముందు థియేటర్‌కి ఫోన్ చెయ్యండి. దాదాపు అన్నిటికీ యాక్సెస్ లైన్ అని విడిగా నంబరు ఉంటుంది. మా అమ్మ ఇన్ని మెట్లే ఎక్కగలదు, టాయిలెట్ దగ్గరగా కావాలి అని చెబితే ఓపిగ్గా సీటు వెతికిపెడతారు. నేను మాట్లాడినవాళ్ళంతా మర్యాదస్తులు. అప్పుడే ఇంకోటి కూడా అడగండి: క్యాప్షన్లున్న ఆట ఎప్పుడు? చెవి సరిగా వినపడనివాళ్ళ కోసం అప్పుడప్పుడు ఒక ఆటకి వేదిక పక్కన తెర మీద మాటలు, పాటలు అక్షరాల్లో వేస్తారు. మా నాన్నలాగా ఇంగ్లీషు చదవగలిగి, విని అందుకోలేనివాళ్ళకి ఇది వరం. ఇది చాలామంది తెలుగువాళ్ళకి తెలియదు, దయచేసి మీవాళ్ళకి చెప్పండి.

ధరలు రోజును బట్టి మారుతుంటాయి. పైన మూల సీటు 25, 30 పౌండ్ల నుంచి మొదలవుతుంది. పెద్దవాళ్ళని సుఖంగా కూర్చోబెట్టే సీటుకి మనిషికి 70 నుంచి 100 దాకా పెట్టుకోవాలి. శని, ఆది కంటే వారం మధ్య చవక. లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ అనే బూత్ ఉంది, థియేటర్ల సంఘానిదే. అదే రోజు ఆటలకి మిగిలిన టికెట్లు తగ్గించి అమ్ముతారు. చుట్టుపక్కల అలాంటి బోర్డులే పెట్టుకున్న కొట్లు వేరే ఉన్నాయి, స్క్వేర్ తోట అంచున కట్టిన ఆ బూత్ దగ్గరికే వెళ్ళండి. చాలా నాటకాలు ఆరోజు పొద్దున కొన్ని సీట్లు యాప్‌లో చవగ్గా వదులుతాయి. కుర్రాళ్ళకి అది బాగుంటుంది. పెద్దవాళ్ళతో ఆఖరి నిమిషం వేట పెట్టుకోవద్దు.

వారం మధ్యలో మధ్యాహ్నం ఆట అన్నిటికన్నా మేలు. రెండున్నరకి మొదలైతే అయిదున్నరకి బయట పడతారు, రాత్రి చలిలో ట్యూబ్ కోసం పరుగులుండవు. మేము ఇంట్లో పెరుగన్నం తిని బయల్దేరేవాళ్ళం. ఆలస్యమైతే వెంటనే లోపలికి పంపరు, అరగంట ముందే చేరుకోండి. కోట్లు విప్పి, టాయిలెట్‌కి వెళ్ళొచ్చి, స్థిమితంగా కూర్చునేసరికి ఆ టైము అయిపోతుంది. ఇంటర్వెల్‌లో ఆడవాళ్ళ వరస బయటి దాకా వస్తుంది. లైట్లు వెలగగానే లేవండి. గుమ్మంలో ఆరోజు ఎవరి పాత్ర ఎవరు వేస్తున్నారో బోర్డు ఉంటుంది, చూడండి. వారానికి ఎనిమిది ఆటలు ఆడతారు, ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. పేరున్న నటుడు లేడని నిరాశ పడకండి. మాకు దొరికిన ఒక బదులు నటి ఆ రోజు హాలంతా లేచి నిలబడేట్టు పాడింది.

నాన్నకి ఇంకా ఒకటి బాకీ ఉన్నాను. థేమ్స్ ఒడ్డున షేక్స్‌పియర్ గ్లోబ్. 1997లో తెరిచిన ఈ చెక్క థియేటర్ మధ్యలో పైకప్పు లేదు, చుట్టూ గడ్డి కప్పు. వేదిక ముందు నిలబడి చూస్తే అయిదు, పది పౌండ్లకి కూడా టికెట్టు దొరుకుతుంది. మావాళ్ళు చలికాలంలో వచ్చారు కాబట్టి కుదర్లేదు, ఆ బయట వేదిక మీద ఆటలు వెచ్చటి నెలల్లోనే. వచ్చే వేసవికి నిలబడే టికెట్టు కాకుండా బెంచీ సీటే కొంటాను. వీపుకి ఆనిక ఉండదు, దిండు అద్దెకిస్తారు, తప్పకుండా తీసుకోండి. వాన వచ్చినా ఆట ఆగదు, గొడుగు తెరవనివ్వరు, కింద నిలబడేవాళ్ళు మాత్రం రెయిన్‌కోటు పెట్టుకెళ్ళాలి.